మంచం చాటు స్నానం

“గొళ్ళెం ఏసినవా?” అన్నాడు మా ఆయన బయటి నుంచి.

“ఏసిన. డెబ్బై ఏండ్ల సంది ఏస్తనే ఉన్న. నువ్వు జర పేపరు సూసుకో” అన్నాను నేను లోపలి నుంచి.

మా ఇద్దరి మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవే. పేపరు చూసుకో అన్నాను గానీ చదువుకో అనలేదు, ఎందుకంటే ఆయనకూ నాకూ అక్షరం ముక్క రాదు. బొమ్మలు చూసి, ఫలానా ఆయన లావయ్యాడనీ ఫలానా ఆయన చిక్కిపోయాడనీ ఆయనే నాకు వార్తలు చెప్పేవాడు. (నాకు సంతకం వచ్చు. రేషన్ కార్డు కోసం నేర్చుకున్నాను. అది కూడా రాయి బిడ్డా, సిగ్గేముంది.) ఆ రోజు గీజరు నీళ్ళు హాయిగా ఉన్నాయని రెండు చెంబులు ఎక్కువే పోసుకున్నాను. బయటికి వచ్చేసరికి, స్నానాల గది ఎదురుగా ఎప్పుడూ వేసుకునే కుర్చీలో, పేపరు మోకాళ్ళ మీద పెట్టుకుని, వెళ్ళిపోయి ఉన్నాడు. ముఖంలో ఏ ఫికరూ లేదు. గొళ్ళెం పడిందని తెలిసింది కదా, ఇక ఆయనకేం పని.

వేరే వాళ్ళ మొగుళ్ళు పోయేటప్పుడు పిల్లలు జాగ్రత్త అంటారట, పొలం కాగితాలు ఫలానా పెట్టెలో ఉన్నాయంటారట. మా ఆయన గొళ్ళెం సంగతి అడిగి పోయాడు. చెబితే అందరూ నవ్వుతారు. నవ్వండి, కానీ ఆ గొళ్ళెం ఎక్కడి నుంచి వచ్చిందో విని నవ్వండి. మా అపార్ట్‌మెంటు వాళ్ళు ఏటా ఒక చిన్న పుస్తకం అచ్చు వేస్తారు. ఈసారి ముసలివాళ్ళ ముచ్చట్లు కావాలన్నారు. హైటెక్ సిటీలో ఉద్యోగం చేసే నా మనుమరాలు ఈరోజు ఇంటి నుంచే పని అని ఉండిపోయింది. నేను చెబుతుంటే అది రాస్తోంది. నా మాటలు పుస్తకం భాషలోకి దిద్దుతానంది. దిద్దుకో, కానీ మా అత్త మాటలు మాత్రం ముట్టుకోకు, ఆమె ఊరుకోదు అన్నాను.

ఆ రోజుల్లో ఈ అద్దాల మేడలు ఎక్కడివి? ఖాజాగూడ వైపు చూస్తే గుట్టలు, గుట్టల మీద గుండ్లు, గుండ్ల సందున మేము. మాది రాళ్ళు కొట్టే వంశం. పుట్టిల్లు మణికొండ, మెట్టినిల్లు ఖాజాగూడ గుట్టల కింద. (ఇప్పుడు మేముంటున్నది మళ్ళీ మణికొండే. ఎక్కడ తిరిగినా పుట్టింటికే వచ్చి పడ్డాను, కాకపోతే తొమ్మిదో అంతస్తుకు.) మా మామ కొట్టిన బండలు పట్నంలో నవాబుల దేవిడీలలో పరిచారు. వాళ్ళ బేగములు స్నానం చేసే గదులకు నాలుగు వైపులా నిలబెట్టినవి కూడా ఆయన బండలేనని గొప్పగా చెప్పుకునేవాడు. అంత గొప్ప మనిషి ఇంట్లో ఆడవాళ్ళ స్నానానికి అడ్డంగా ఒక్క బండ లేదు. చుట్టూ కోసెడు దూరం రాయి తప్ప ఇంకేమీ లేని చోట! దానికి కారణం ఉంది. తన ఉలి తగిలిన రాయి తన ఇంటికి రాకూడదని, వస్తే చేతిలో పని పోతుందని మా మామకు ఒక పట్టింపు. ఆయన తాత చెప్పాడట. ఆ తాత ఏ కోపంలో ఉండి చెప్పాడో గానీ, అనుభవించింది మాత్రం ఇంటి ఆడవాళ్ళు.

మా నాయనకు అలాంటి పట్టింపులు లేవు. ఉంటే మా అమ్మ ఉండనివ్వలేదు. మా పుట్టింట్లో పెరట్లో నాలుగు నిలువు బండలు, వాటికి ఒక తలుపు, ఆ తలుపుకు ఇనుప గొళ్ళెం ఉండేవి. ఎవరిదో పాడుబడ్డ బంగళా రాళ్ళు విప్పినందుకు కూలి కింద మా నాయన తెచ్చుకున్న తలుపు అది. ఆ గొళ్ళెం కొస కొంచెం వంగి ఉండేది, పైకెత్తి పక్కకు తోస్తేనే పడేది. లోపల దాన్ని తోసేసి చెంబు తీసుకున్నానంటే నేను బేగంను. అలాంటి దాన్ని పద్దెనిమిది నిండాక కాపురానికి వచ్చాను. వచ్చిన మరునాడు పొద్దున, “అత్తా, స్నానం యాడ?” అని అడిగాను.

“మీ మామ లేవాలె” అంది మా అత్త.

స్నానానికీ మామ లేవడానికీ సంబంధం ఏమిటో నాకు తెలియలేదు. కాసేపటికి తెలిసింది. ఇంట్లో ఉన్నది ఒక్కటే నులక మంచం, దాని మీద పడుకునేది మా మామ. ఆయన లేచాక ఆ మంచాన్ని ఇంటి వెనక్కి మోసుకుపోయి, పక్కకు తిప్పి నిలబెట్టి, దాని మీద గొంగడి వేస్తే అదే గోడ. ఒక పక్క ఇంటి గోడ, ఇంకో పక్క నాగజెముడు పొద, ముందు మంచం. నాలుగో పక్క గుట్ట. అక్కడ మేకలు తప్ప ఎవరూ తిరగరని మా అత్త నమ్మకం. మంచం గాలికి పడకుండా ఒక చేత్తో పట్టుకోవాలి, ఇంకో చేత్తో నీళ్ళు పోసుకోవాలి. ఒంటి మీది చీర ఒంటి మీదే ఉండాలి. వీపు రుద్దుకోవాలంటే మూడో చెయ్యి కావాలి. అది దేవుడు ఇవ్వలేదు.

ఇంకో నియమం ఉంది. లోపల మనిషి ఉన్నట్టు బయటివాళ్ళకు తెలియాలి కాబట్టి, స్నానం అయ్యేదాకా నోటితో ఏదో ఒక చప్పుడు చేస్తూ ఉండాలి. “నోరు మూసినవనుకో, ఎవ్వలు లేరనుకొని ఎవడో ఒకడు వస్తడు” అంది మా అత్త. ఆలోచించండి, మిగతా ఊరంతటా కోడలు నోరు మూసుకోవాలి, మామ ఎదుట అసలు పెదవే కదపకూడదు, ఆ మంచం వెనక మాత్రం నోరు మూయకూడదు! నాకా పాటలు రావు. గొంతు సంగతి మీకు తెలియదు కదా, మా అపార్ట్‌మెంటులో లిఫ్టు ఆగిపోతే నేను కేకేస్తే చాలు, అలారం అక్కర్లేదు. పాటలు రావు కనుక సొంతంగా కట్టుకున్నాను. “అత్త కాచిన చారులోన ఆకాశమే కనిపించె, మామ గురక దెబ్బకేమో గుట్ట మీది గుండు కదిలె” అని ఒక చెంబు నీళ్ళు. “బేగమ్మకు బండలేసె, కోడలికి మంచమేసె” అని ఇంకో చెంబు. వారం తిరిగేసరికి పొద అవతల నీళ్ళ బిందెలతో ఆడవాళ్ళు ఆగి వినడం మొదలుపెట్టారు. “ఈ పొద్దు అత్త మీదనా, మామ మీదనా?” అని అడిగేవాళ్ళు కూడా తయారయ్యారు.

“అది పాటనా, రంపంతోని రాయి కోసుడా?” అంది మా అత్త. అంతటితో నా పేరు పోయి రంపం మిగిలింది. ఆపమనడానికి లేదు, నియమం ఆమె పెట్టిందే.

మా ఆయన సంగతి చెప్పలేదు కదూ. ఆయనకు మాటలు తక్కువ. ఆయన కాపలా. నేను స్నానానికి పోతే దారి మలుపులో మంచానికి వీపు తిప్పి నిలబడాలి, ఎవరైనా వస్తే దగ్గాలి. పెళ్ళయిన కొత్తలో మా సంసారం అంతా ఇదే, నేను పాడటం, ఆయన దగ్గడం. రెండు నెలలు ఓపిక పట్టాను. ఒకరోజు గాలికి మంచం రెండుసార్లు పడబోతే ఆపలేక చెయ్యి బెణికింది. అప్పుడు సంతకు పోయే ఒక ముసలమ్మతో మా నాయనకు కబురు పంపాను, వచ్చి తోలుకుపో అని. మధ్యాహ్నం గుట్ట మీద అంబలి పోస్తూ మా ఆయనకు చెప్పాను.

“మా నాయనొస్తడు. నేను పోత. గోడ కట్టినంక పిలువు. కట్టకుంటె పిలువకు.”

“ఊఁ” అన్నాడు ఆయన. అంబలి మాత్రం సగంలో దించేశాడు.

నిజాం సర్కారు ఉంటుందా పోతుందా అని మగవాళ్ళంతా తలకాయలు దగ్గర పెట్టి గుసగుసలాడుతున్న ఏడు అది. ఎవరి రాజ్యం వచ్చినా నాకేం, నాకో గోడ వస్తే చాలు అన్నట్టు ఉండేదాన్ని. సరిగ్గా మా నాయన రావాల్సిన వారంలోనే మా మామ ఒక పెద్ద రాయి ఎత్తబోతే నడుము పట్టేసింది. మంచం ఎక్కాడు, దిగలేదు. మూడు రోజులు. ఆయన మంచం మీద ఉంటే మాకు గోడ లేదు, గోడ లేకపోతే స్నానం లేదు. ఎండాకాలం పోయినా ఉక్కపోత పోలేదు. అత్తా కోడళ్ళం ముఖాలు, కాళ్ళు కడుక్కుని ఒకరికొకరం కొంచెం దూరంగా కూర్చుని కాలం గడిపాం.

నాలుగో రోజు పొద్దున మా నాయన వస్తున్నాడని తెలిసింది. పుట్టింటివాళ్ళ ముందు కోడలు ఆ అవతారంలో ఉంటే ఇంటి పరువు పోతుందని మా అత్త నడుము బిగించింది. “లెవ్వు! పిల్లను నీళ్ళు పోసుకోనీ. మూడు దినాల సంది మంచం నీకే పుట్టినట్టు పండినవు” అని మా మామను లేపి, ఆయన అబ్బా అయ్యా అంటుంటే, ముందు వాకిట్లో ఒక గుండు మీద కూర్చోబెట్టింది. మా ఆయన మంచం వెనక్కి మోసుకుపోయి నిలబెట్టి, గొంగడి వేసి, మలుపులో వీపు తిప్పి నిలబడ్డాడు. నేను కాగు దగ్గర కూర్చుని మొదటి చెంబు పోసుకుని, ఇదే ఆఖరి స్నానం అనుకుంటూ మంచి జోరు మీద పాట ఎత్తుకున్నాను.

అప్పుడు వచ్చింది విమానం.

విమానాలు మేం చూడలేదని కాదు. బేగంపేట దిక్కున ఎప్పుడైనా గద్దంత కనిపించేవి. ఇది మాత్రం గుట్టల మీదుగా, చెట్ల కొసలు తగులుతాయా అన్నంత కిందికి, భూమి అదిరేలా వచ్చింది. కుక్కలు మొరిగాయి, మేకలు చెదిరాయి. నాకు ఏం తోచిందో చెప్పనా? చచ్చిపోతానని కాదు. మూడు పక్కలా అడ్డం ఉంది, నాలుగో పక్క మేకలు, పైన మాత్రం అంతా బట్టబయలు, లోపల కూర్చున్న మగవాడు చూస్తాడు కదా అని తోచింది! (నవ్వకు, రాయి.) ఒక్క గుంజు గుంజి మంచాన్ని నా మీదికే వాల్చుకున్నాను. నాలుగు కోళ్ళూ నేలకు ఆనాయి, గొంగడి చుట్టూ కిందికి జారింది, నేను తాబేలులా మంచం కింద బోర్లా పడ్డాను. కళ్ళు మూసుకుని, నోరు కూడా మూసేశాను. నియమం తప్పాను.

విమానం పోయింది. లేద్దామని తల ఎత్తాను. అబ్బా, అయ్యా, అమ్మా అంటూ అడుగుల చప్పుడు. మా మామ. విమానానికి అదిరిపోయి, ఎక్కడైనా నడుము వాలుద్దామని గోడ పట్టుకుని వెనక్కి వచ్చాడు. పాట వినబడటం లేదు కనుక స్నానం అయిపోయిందనుకున్నాడు. మంచం పడుకోబెట్టి, పైన గొంగడి పరిచి ఉంది.

“అరే, కోడలు పక్క కూడ ఏసి పెట్టింది. తెలివైన పిల్ల” అని దాని మీద కూర్చున్నాడు.

నులక కిర్రుమంది. సాగి సాగి నా వీపుకు జానెడు దూరంలో ఆగింది. ఇప్పుడు నేనేం చేయాలి? మామ ముందు నోరు విప్పకూడదు, తడి చీరతో ఎదురుపడకూడదు. ఆయన లేచేదాకా ఊపిరి బిగబట్టుకోవడమే అనుకున్నాను. ఆయన లేవలేదు సరికదా, ఇంకో అడుగుల చప్పుడు వినిపించింది. గొంగడి అంచు కింద నుంచి చూస్తే మా నాయన కాళ్ళు. ఆ పగిలిన మడమలు నేను ఎక్కడున్నా గుర్తుపడతాను.

“రాం రాం బావా. ఇంట్ల ఎవ్వలు కనవడలే, ఎనకకొచ్చిన.”

“రా బావా, కూసో. నడుం పట్టింది, లేవరాదు. విమానం సూసినవా?”

“సూడకేం. ఎవలదది?”

“సర్కారుదో, ఢిల్లీ వాళ్ళదో. ఎవలదైతేంది, నెత్తి మీద పడకుంటె సాలు.”

మా నాయన కూర్చున్నాడు. నులక ఇంకో బెత్తెడు దిగింది. ఇప్పుడు నా వీపు మీద ఇద్దరు వియ్యంకులు, మధ్యలో గాలికి కూడా దారి లేదు. చెవి పక్కన ఒక గండుచీమ నన్ను చూస్తూ నిలబడింది. అది ఏమనుకుందో గానీ కుట్టలేదు, పోయింది. దానికి కూడా జాలేసి ఉంటుంది.

“పిల్ల యాడుంది?” అన్నాడు మా నాయన.

“లోపట తల ఆరవెట్టుకుంటుందేమో. బావా, ఒక మాట అడుగుత, తప్పు పట్టకు. పిల్లనిచ్చేటప్పుడు దాని గొంతు సంగతి ఎందుకు చెప్పలే?”

“నువ్వడిగినవా? ముక్కు సూసినవు, చేతులు సూసినవు. నోరిప్పుమన్నవా?”

“అన్లే” అని మా మామ ఒప్పుకున్నాడు. “కాని ఒకటి బావా. ఈ మూడు దినాలు నేను మంచం మీద పడుంటి, పిల్ల పాట లేకపాయె. పొద్దెక్కిందో లేదో తెలుస్తలేదు. నన్ను తిట్టే పాటనే. అయినా అది ఇనకుంటె లెవ్వబుద్ధి గాదు” అన్నాడు.

నాకు మంచం కింద ముక్కు చీదుకోవాలనిపించింది. చీదితే దొరికిపోతాను. అలాగే మింగాను.

“గట్లైతె నీకు పరేషానే బావా. నేను పిల్లను తోల్కపోతందుకు వచ్చిన. మంచం చాటు స్నానం నాతోని కాదని కబురు వెట్టింది.”

“మంచానికేమాయె? ముప్పై ఏండ్ల సంది ఒక్క కోడు కదల్లే!”

ఆ మాట ఇంకా గాలిలో ఉండగానే మా అత్త కేక వినిపించింది. “పిల్ల లేదు! లోపట లేదు, వాకిట్ల లేదు! కాగుల సగం నీళ్ళు గట్లనే ఉన్నయి, చెంబు బోర్ల పడి ఉంది!” గుట్ట మీద నుంచి రాళ్ళు దొర్లించుకుంటూ మా ఆయన దిగి వచ్చాడు. అప్పుడు తెలిసింది నాకు, ఆ మహానుభావుడు విమానం చూడటానికి కాపలా వదిలేసి గుట్ట ఎక్కాడని! వచ్చి చూస్తే పాట లేదు, పిల్ల లేదు. వాకిట్లో వాళ్ళ నాయన లేడు, వెనక మా నాయన ఉన్నాడు. మా ఇంటి పక్కన రాళ్ళు తీసిన గుంత ఒకటి ఉండేది, వానలకు నిండి ఉంది. ఎవరూ ఆ మాట అనలేదు. అందరూ అటే చూసి ఉంటారు.

“ఓ రంపం!” అని అరిచాడు మా ఆయన. పెళ్ళాం పేరు పెట్టి పిలవకూడదు కదా, నోటికి అదే వచ్చింది. “ఓ రంపమా! పోతనంటివి గని, గిట్ల పోతవానే!” రెండు నెలల్లో ఆయన నాతో అన్నన్ని మాటలు ఆ ఒక్క కేకలో ఉన్నాయి. గొంతు నాకంటే అధ్వాన్నంగా చీలింది. వెంటనే గుంతలో దబ్బుమని నీళ్ళ చప్పుడు.

ఆయనకు ఈత రాదు.

నియమాలన్నీ గంగలో కలిసిపోయాయి. “నేనీడున్న!” అని అరిచాను, రంపం పూర్తి బలంతో.

మీద కూర్చున్న ఇద్దరు వియ్యంకులు ఎంత ఎత్తు ఎగిరారో నేను చూడలేదు. ఊళ్ళో వాళ్ళు తర్వాత ఎవరికి తోచినంత వాళ్ళు చెప్పారు. ఒకటి మాత్రం నిజం. మా మామకు మూడు రోజులుగా పట్టిన నడుము ఆ ఒక్క ఎగురుతో వదిలింది, కిందపడిన మా నాయనకు పట్టుకుంది. నేను గొంగడి చుట్టుకుని గుంత దగ్గరికి ఉరికాను. చూస్తే నీళ్ళు నడుము లోతే. ఆ నడుము లోతు నీళ్ళలో మా ఆయన కళ్ళు మూసుకుని, వంగి, రెండు చేతులతో అడుగున నన్ను వెతుకుతున్నాడు.

“ఓ... నేనీడ, గట్టు మీదున్న” అన్నాను.

కళ్ళు తెరిచాడు. నన్ను చూశాడు, గొంగడిని చూశాడు. “ఇమానం సూడ పోయిన. తప్పైంది” అన్నాడు. గడ్డం నుంచి బురద కారుతోంది. కారేదంతా బురద నీళ్ళే కాదు, కళ్ళ నీళ్ళూ ఉన్నాయి.

మా నాయన ఒక చేత్తో నడుము, ఇంకో చేత్తో గోడ పట్టుకుని నిలబడి, “బట్టలు సదురుకో బిడ్డా, పోదాం” అన్నాడు. అందరూ నా వైపు చూశారు. ఎలాగూ మామ ముందు ఒకసారి నోరు తెరిచాను, మళ్ళీ మూయడం దేనికి? “మామా, నాకు గోడ కావాలె. గోడ వెడితే ఉంట. లేకుంటె ఈ నడుం పట్టిన మనిషిని పట్టుకొని గిప్పుడే పోత” అన్నాను.

మా మామ తల గోక్కున్నాడు. “నా ఉలి తగిలిన రాయి ఇంట్ల వెట్టరాదు బిడ్డా. మా తాత...”

“నీ ఉలి తగిలింది గద వద్దన్నడు మీ తాత” అన్నాడు మా నాయన మూలుగుతూ. “నా ఉలి తగిలినదానికి ఏం రోగం?”

మా మామ ఆకాశం వైపు చూశాడు, తాత అక్కడెక్కడో ఉన్నట్టు. “గది ఆయన చెప్పలే” అన్నాడు.

అప్పుడు మాట్లాడింది మా అత్త. నా మీద అరుస్తుందనుకున్నాను. మొగుడి మీదికి తిరిగింది. “ముప్పై ఏండ్లు! ముప్పై ఏండ్లు ఒక చేత్తోని మంచం వట్టుకొని ఒక చేత్తోని పోసుకుంటి! ఊరంత రాళ్ళు గొట్టెటోళ్ళే, ఒక్కని ఉలి తగిలిన రాయి దొరకకపాయెనా? గీ ముచ్చట గప్పుడెందుకు తట్టలే నీకు?” మా మామ నడుము మళ్ళీ పట్టినట్టు నటించాడు.

పది రోజుల్లో మా నాయన ఎడ్లబండి మీద బండలు తెచ్చాడు. మా మామ, మా ఆయన కలిసి నిలబెట్టారు. తలుపు మా ఆయన చేశాడు, వంకరగానే వచ్చింది. కట్టిన గోడల మధ్యకు మొదట నేను పోతాననుకున్నారు అందరూ. నేను చెంబు తెచ్చేలోపే మా అత్త లోపల దూరి తలుపేసుకుంది. పొద్దు నడినెత్తికి వచ్చినా బయటికి రాలేదు. లోపలి నుంచి పాట కూడా వినిపించింది. ఆమె గొంతు నాకంటే అన్యాయం.

నా వంతు వచ్చినప్పుడు లోపలికి పోయి తలుపేసి, గొళ్ళెం మీద చెయ్యి పెట్టాను. అది పైకెత్తి పక్కకు తోస్తే గానీ పడలేదు. కొస చూశాను, వంగి ఉంది. ఒక్క క్షణం చెంబు ఎత్తలేకపోయాను. మా అమ్మ గొళ్ళెం. తర్వాత మా నాయనను అడిగితే, “మీ అమ్మనే ఊడదీసి ఇచ్చింది. నాకేంది, తలుపుకు ఒక రాయి అడ్డం వెట్టుకుంట అన్నది” అన్నాడు. ఆమె బతికినన్నాళ్ళూ రాయే అడ్డం పెట్టుకుంది. నేను ఆ ఏడు నుంచి ఈ ఏడు వరకు ఎన్ని గొళ్ళాలు మార్చానో, ఏది వేసినా చెయ్యి ముందు పైకెత్తి తర్వాతే పక్కకు తోస్తుంది, ఈ ఇంట్లో తిప్పే గొళ్ళేనికి కూడా. ఆ మొదటి రోజు తలుపు బయట మా ఆయన వచ్చి నిలబడ్డాడు. గోడ వచ్చింది, గొళ్ళెం వచ్చింది, ఇక కాపలా ఎందుకని ఎవరైనా అనుకుంటారు. కాపలా వదిలి విమానం చూడ పోయిన మనిషి కదా, భయం పోలేదు. “గొళ్ళెం ఏసినవా?” అన్నాడు. ఆ తర్వాత ఎన్ని విమానాలు పోయినా తలెత్తి చూడలేదు.

ఇప్పుడు మీట నొక్కితే వేడి నీళ్ళు. పోయిన నెల దాకా రెండు చేతులూ ఖాళీయే. వీపు రుద్దుకోవడానికి పొడుగు పిడి బ్రష్షు కూడా కొనిచ్చింది నా మనుమరాలు, దేవుడివ్వని మూడో చెయ్యి అది. చెంబెడు నీళ్ళు పోసుకుని, తలుపేసి ఉందనుకుంటే చాలు, నాకు ఈరోజుకీ బేగంనన్నట్టే ఉంటుంది. కానీ మొన్న బాల్కనీలో నిలబడి కిందికి చూశాను. పక్కన కొత్త మేడ కడుతున్నారు కదా, అక్కడ రేకుల గుడిసెల వెనక ఒక పిల్ల, పద్దెనిమిదో ఇరవయ్యో, ఒక చెక్క పలక నిలబెట్టుకుని, గాలికి పడకుండా ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో నీళ్ళు పోసుకుంటోంది. తొమ్మిదో అంతస్తులో ఉన్నానని మరిచి నా చెయ్యి దానంతట అదే ముందుకు పోయింది, ఆ పలక పట్టుకోవడానికి. అపార్ట్‌మెంటు వాళ్ళూ, ఈ పుస్తకం మీరే చదువుతారు కాబట్టి చెబుతున్నాను. మన సెల్లార్లో డ్రైవర్ల కోసం కట్టిన స్నానాల గది ఉంది. డ్రైవర్లు ఇళ్ళలోనే పోసుకుని వస్తారు, అది చీపుర్లతో నిండి ఉంది. ఆ చీపుర్లు ఎక్కడైనా పెట్టుకోవచ్చు. పొద్దున ఒక గంట ఆ ఆడపిల్లలకు తెరిచి పెట్టండి. గొళ్ళెం నేను కొనిస్తాను.

నా గొళ్ళెం కథ కూడా చివరికి వచ్చింది. పోయిన నెల స్నానాల గదిలో కాలు జారాను. ఏమీ కాలేదు, మోకాలు కుండంత వాచింది, అంతే. దవాఖానలో చూపించి వచ్చిన రోజే నా కొడుకు ఎవరినో పిలిపించి గొళ్ళెం ఊడదీయిస్తానన్నాడు. లోపల పడిపోతే తలుపు పగలగొట్టాల్సి వస్తుందట. నేను ఒప్పుకోకపోతే, తలుపు బయట ఎవరూ లేనప్పుడు గొళ్ళెం వేసుకోవద్దని అప్పటికి రాజీకి వచ్చాడు. నెల రోజులుగా ఒక చేత్తో తలుపు పట్టుకుని స్నానం చేస్తున్నాను. నవ్వొస్తుంది. డెబ్బై ఏళ్ళు తిరిగి తిరిగి మళ్ళీ మంచం వెనక్కే వచ్చాను.

“రాసిన నానమ్మా. ఇంకేమన్న ఉందా?” అంటోంది నా మనుమరాలు.

“అయిపోయింది. నాకు చదువు రాకపాయె, నువ్వు ఏం రాసినవో, నా నోట్ల ఏం మాటలు వెట్టినవో నాకెట్ల తెలువాలె? చదివి వినిపియ్యి. గీడ కాదు. నేను నీళ్ళు పోసుకోవాలె, గొళ్ళెం ఏసుకుంట. మీ తాత కుర్చీ తలుపు దగ్గర్నే ఉంది, అండ్ల కూసోని గట్టిగ చదువు. నేను లోపట ఊఁ కొడుతుంట. ఊఁ వినవడకపోతె అప్పుడు పిలువు మీ నాయనను. కూసున్నవా? ఇగ చదువు బిడ్డా, మొదటి మాట నుంచి. జవాబు నేను చెప్పుత.”